నాలుగు నోళ్లు, ఒక ఊరు

రికార్డు ఒకటి. పుష్యమాసం, మొదటి వారం.

ఇంట్లో ఏం మాట్లాడుకున్నామో, ఎలా తేల్చుకున్నామో ఎప్పటికప్పుడు చెప్పాలంటున్నాడు మా గోడాయన. గోడాయన అంటే వంటగది గోడలో ఉండే పలుకుపెట్టె. దాని అసలు పేరు చాలా పొడుగు. మా అత్తకు నోరు తిరగక గోడాయన అంది, ఇప్పుడు వీధి వీధంతా అలాగే పిలుస్తోంది. సరే నాయనా, చెబుతాను, రాసుకో. నేను కోపంగా అన్నది కోపంగానే ఉండనీ, నీ గ్రాంథికంలోకి దిద్దకు.

మాకు విడుపు వంతు వచ్చింది, ఇంటిల్లిపాదీ ఊరు దాటి తిరిగొచ్చే వంతు!

పొద్దున నేను గాలిగొట్టం జల్లెడ విప్పి దుమ్ము దులుపుతున్నాను. రోజూ చేసే పనే. ఒక్క రోజు మానితే మధ్యాహ్నానికి ఇల్లంతా పొయ్యిలా ఉడికిపోతుంది. బేతంచెర్ల కిందూరులో ఎవరి జల్లెడ వాళ్లే దులుపుకోవాలి. మా పూర్వీకులు నాపరాయి తవ్విన గుంతల్లోనే మా ఇళ్లు. పైకి వెళ్లాలంటే తెల్లవారక ముందే, అదీ తడిగుడ్డ కప్పుకుని. అలా దుమ్ములో మునిగి ఉండగా గోడాయన గొంతు సవరించుకున్నాడు.

"సుంకులమ్మ గృహమునకు విడుపు వంతు లభించినది. నలుగురు సభ్యులును విడివిడిగా తమ గమ్యమును పలుకవలెను. నాలుగు నోళ్లు ఒకే ఊరు పలికినచో, గాలిఓడ నిలుచు ఏ ఊరికైనను పంపబడుదురు."

సుంకులమ్మంటే నేనే. జల్లెడ చేతిలోంచి జారి కాలిమీద పడింది. అయినా నొప్పి తెలియలేదు.

పూర్వం ఇంటిపెద్ద ఒక్కడే ఊరి పేరు చెప్పేవాడట, మిగతావాళ్లు తలూపేవారట. తిరిగొచ్చాక సగం మంది ముఖాలు మాడ్చుకుని కూర్చునేవారట. అందుకే ఈ నిబంధన పెట్టారు. వారానికొకసారి చొప్పున నాలుగుసార్లు అడుగుతాడు. నాలుగోసారి కూడా కుదరకపోతే వంతు వరసలో తర్వాతింటికి పోతుంది. మళ్లీ పన్నెండేళ్లకు.

పోయినసారి మా అమ్మాయి ఇందుజకు తట్టు వచ్చింది, గాలిఓడ ఎక్కనివ్వలేదు. అలా ఆ వంతు పోయింది. ఈసారీ పోతే మేం ముగ్గురం ఎలాగో ఒకలా తట్టుకుంటాం. మా అత్త చెన్నమ్మకు మాత్రం ఇదే ఆఖరు. అరవై అయిదు దాటినవాళ్లను గాలిఓడ ఎక్కించుకోదు, ఆమెకిప్పుడు అరవై రెండు. పుట్టినప్పటినుంచి ఈ గుంత దాటని మనిషి.

సాయంత్రం గోడాయన దేశమంతా గోడమీద వేసి చూపించాడు. అబ్బా, ఎంత దేశం! ఒకచోట మంచు, ఒకచోట ఉప్పు, ఒకచోట వాన ఆగనే ఆగదు. ఇందుజ స్పితి లోయ దగ్గర ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, నోరు తెరుచుకుని మంచు చూస్తూ కంచంలో చెయ్యి కడిగేసుకుంది. మా ఆయన మద్దిలేటి పంకాల మెకానిక్కు, నీళ్లంటే ట్యాంకులో చూడటమే. బ్రహ్మపుత్ర నడుమ మాజులి ద్వీపం చూపిస్తే, "అవతలి గట్టే కనపడదంట సూడే!" అని మూడుసార్లు అన్నాడు. నాకైతే మేఘాలయ. నెత్తిమీద వాన పడాలి, అంతే. గొట్టంలోంచి కాదు, ఆకాశంలోంచి.

"నీకేది బాగుంది అత్తా?" అన్నాను.

"అన్నీ బాగుండాయి. మీ ఇష్టమే నా ఇష్టం."

"రాత్రికి సంగటి చెయ్యనా, రొట్టె చెయ్యనా?"

"ఏదైనా సరే."

ఇది ఈ ఇంట్లో రోజూ వినే మాటే. టీలో ఏం వెయ్యమంటావన్నా ఇదే జవాబు.

రికార్డు రెండు. అదే నెల.

మొదటిసారి అడిగాడు. ఒక్కొక్కరం వంటగదిలోకి వెళ్లి, తెర దించుకుని చెప్పి వచ్చాం. ఆఖరున గోడాయన అందరిదీ చదివాడు.

"ఇందుజ: స్పితి. మద్దిలేటి: మాజులి. సుంకులమ్మ: మేఘాలయ. చెన్నమ్మ: బేతంచెర్ల."

"అదేంది జేజీ!" అని ఇందుజ నెత్తి కొట్టుకుంది.

"నాకు తెలిసింది అదొక్కటే ఊరు గదమ్మా," అంది మా అత్త.

"బేతంచెర్లకు గాలిఓడ అవసరము లేదు. కావున అది గమ్యము కాదు," అన్నాడు గోడాయన. వాడికి హాస్యం తెలియదు పాపం.

మొదటిసారి కదా, ఎవరూ కంగారు పడలేదు. ఎవరిది వాళ్లు చెప్పుకోవడం కూడా ముచ్చటే. రాత్రి పుట్టగొడుగుల బెడ్లకు నీళ్లు చిలకరిస్తూ మా ఆయన ఏదో కూనిరాగం తీశాడు. పెళ్లయిన కొత్తలో తీసేవాడు, మళ్లీ ఇన్నాళ్లకు విన్నాను.

రికార్డు మూడు. పుష్యం చివర.

ఈ ఇంటి మనుషుల్ని ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

వారమంతా నేను వాన వాన అని ఒకటే గోల చేశాను. మేఘాలయ కాకపోతే గాలిఓడ ఎక్కనన్నాను, పస్తుంటానన్నాను. మా ఆయన నది గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తకపోతే నాకు జాలి వేయదా? పంకా బోల్టులు బిగించి బిగించి అరచేతులు రాళ్లయిపోయిన మనిషి. ఒక్కసారి చల్లటి నదిలో ముంచుకోనీలే అనుకున్నాను. వంటగదిలోకి వెళ్లి, తెర దించుకుని, మెల్లగా "మాజులి" అన్నాను.

గోడాయన చదివాడు.

"ఇందుజ: మేఘాలయ. మద్దిలేటి: స్పితి. సుంకులమ్మ: మాజులి. చెన్నమ్మ: స్పితి."

 అందరం ఒకేసారి అరిచాం.

"నిన్నెవరే నాకోసం మార్చుకోమనింది?" అని నేను కూతురి మీద.

"నువ్వు పస్తుంటానంటివి గదమా!"

"నువ్వు మాజులి యాల చెప్పినావే? నేను అడిగినానా?" అని మా ఆయన నా మీద.

"నువ్వు మంచు చెప్పినావు గదయ్యా, మంచంటే నీకు మోకాళ్లు పట్టేస్తాయని నాకు తెలీదా?"

మా అత్త మధ్యలో కూర్చుని నవ్వుతోంది. "మనవరాలు అడిగిందని నేను మంచు చెప్పినా. దాంట్లో తప్పేముంది?" అంది.

తప్పేమీ లేదు. అదే కదా తంటా! కొట్లాడుకునే ఇల్లయితే ఈపాటికి తేలిపోయేది. పక్కింటి హుస్సేనమ్మ వాళ్లను చూడండి. ఒకర్నొకరు నెల రోజులు తిట్టుకుని, ఓపిక అయిపోయి, నాలుగోసారి కచ్ ఉప్పునేలకు ఒప్పుకున్నారు. హాయిగా వెళ్లొచ్చారు. మేమేమో ఒకరికొకరం వదులుకుంటూ ఇక్కడే కూలబడేటట్టున్నాం.

రికార్డు నాలుగు. మాఘం, తొలి రోజులు.

నేనే ఉపాయం చెప్పాను. ఇది అత్తకు ఆఖరి వంతు, కాబట్టి అత్తకు నచ్చిన ఊరు. ముగ్గురం ఒప్పుకున్నాం. కానీ ఆమె చెప్పదుగా! ఎన్నిరకాలుగా అడిగినా "మీ ఇష్టం". పక్కనుంచి ఇందుజ అంది, "జేజి వయసోళ్లకు ఇంకేముంటాది, కాశీనే." ఆమె పొద్దున్నే గోడమీద దేవుడి పటానికి దండం పెట్టుకోవడం మేం రోజూ చూస్తాం కదా, అదే అయి ఉంటుందనుకున్నాం. ఆమెకు తెలియకుండా ముగ్గురం కాశీ ఖాయం చేసుకున్నాం. ఆమెను మాత్రం మెల్లగా ముగ్గులోకి దింపాను.

"అత్తా, కాశీ బాగుంటుందంట. గంగ, మెట్లు, హారతి."

"బాగుంటాదమ్మా."

అంతే, తేలిపోయిందనుకున్నాను.

గోడాయన చదివాడు. "ఇందుజ: కాశీ. మద్దిలేటి: కాశీ. సుంకులమ్మ: కాశీ. చెన్నమ్మ: స్పితి."

"అత్తా!"

"పిల్ల మనసులో మంచుంటే, మీరంతా నాకోసం కాశీ అంటాండారని నాకు తెలీదనుకున్నారా?" అంది ఆమె. ఆ తర్వాత కొంచెం రోషంగా, "అయినా కాశీకి పోవాల్సినంత ముసిల్దాన్నయినానా నేను?" అంది.

మా ఆయన వల్లమాలిన నవ్వు నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇక ఒక్కసారే మిగిలింది. ఈమె ఇక్కడే, ఈ రాతి కప్పు కిందే, "ఏదైనా సరే" అంటూ ఉండిపోతుంది. నా కళ్లముందే. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు జ్వరమొస్తే పదిరోజులు నా తల తన ఒళ్లో పెట్టుకున్న మనిషి. ఆమెకు నేను ఆకాశం చూపించలేకపోతే నాదేం బతుకు?

రికార్డు అయిదు. మాఘం, మొదటి వారమే.

ఈరోజు నేను అత్తతో కావాలని పోట్లాడాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చేశాను. నువ్వు ఉన్నదున్నట్టు రాసుకో.

ఆమె పుట్టగొడుగులు కోస్తోంది. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"అత్తా, ఇంగ నీతో మావల్ల కాదు. నీకు ఇష్టమనేదే లేదు. ఏ ఊరైనా ఒకటే, ఏ తిండైనా ఒకటే. అట్లాంటప్పుడు నువ్వెందుకు రావడం? ఇంట్లోనే ఉండి బెడ్లు చూసుకో. నీ పేరు తీసెయ్యమని గోడాయనకు చెప్తా, మేం ముగ్గురం పోతాం."

ఆ మాట అంటుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆమె చేతిలో కత్తి ఆగింది.

"ఏమంటివే?"

"రాయి మాదిరి ఉంటావు నువ్వు. నీకేం కావాలో నీకే తెలీదు."

అప్పుడు లేచింది చూడండి మా అత్త! ఈ ఇంట్లో ఇన్నేళ్లలో ఆమె గొంతు పెరగడం అదే మొదటిసారి.

"నాకు తెలీదా? నాకు తెలీదా! నాగపూరు పోవాల నాకు! నాగపూరు! తెలిసిందా?"

మా ఆయన పంకా వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఇందుజ కూడా వచ్చింది. నాగపూరేంటో మాకెవరికీ అర్థం కాలేదు. నాగపూరులో మంచు లేదు, సముద్రం లేదు. అక్కడ గాలిఓడలు మారతారు, అంతే. ఎటు పోయేవాళ్లయినా అక్కడ దిగి, ఒక పెద్ద హాల్లో కాసేపు కూర్చుని, ఇంకో ఓడ ఎక్కుతారు.

"ఆ హాలుకే," అంది అత్త. అప్పటికి ఆమె కోపం దిగిపోయి సిగ్గు వచ్చేసింది. "ఆ హాలు నేలంతా మన నాపరాయే. నా పెండ్లైన కొత్తల్లో పంపినాం. అంత పెద్ద బేరం మళ్లీ రాలే. బండలన్నీ ఆడోళ్లం తోమినాం. తోమి, నీళ్లు పోసి, వంగి చూసుకోవాల. ముఖం కనపడితే బండ పాసయినట్టు. కనపడకపోతే మళ్లా తోమాల. నా ముఖం చూసుకుని చూసుకుని పంపించినా. ఒక్క బండన్నా యాడ ఏసినారో, ఎవురు నడుస్తాండారో, ఎవురన్నా వచ్చి చెప్పినారా? దాన్ని చూడాల. జనం నడుస్తాంటే చూడాల. అంతే నాకు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం జేజీ?" అంది ఇందుజ.

"మంచూ, నదులూ ఉంటే, హాలు చూస్తానంటే నవ్వరా మీరు? మీ వంతు నా బండల మీద పాడుచేయాలా?"

నేను వెళ్లి ఆమె చేతిలో కత్తి తీసుకుని పక్కన పెట్టాను. వాటేసుకున్నాను. రాయి అన్నందుకు తిట్టమన్నాను. తిట్టలేదు. నాకు చెంపదెబ్బలాంటిది ఒకటి తగిలించింది, మెత్తగానే. పుట్టగొడుగుల మన్ను నా చెంపకు అంటుకుంది.

రికార్డు ఆరు. మాఘం, రెండో వారం.

నాలుగోసారి.

మేం ముగ్గురం చెప్పేశాం. ఈసారి ఎవరూ మారలేదు, నేను ఇద్దరి చేతా దేవుడి మీద ఒట్టు వేయించాను. అత్తను మాత్రం నమ్మలేను. ఇన్నేళ్ల అలవాటు ఒక్క పోట్లాటతో పోతుందా? వారమంతా ఆమె ఇందుజను దొంగచూపులు చూస్తూనే ఉంది. "పాపం, పిల్ల మంచు మంచు అనింది," అని ఒకసారి తనలో తను అనుకోవడం కూడా విన్నాను.

ఆమె లోపలికి వెళ్లి తెర దించింది. వినకూడదు, నిబంధన. నేను విన్నాను. ఏం చేసుకుంటావో చేసుకో గోడాయనా.

"చెన్నమ్మగారు గమ్యము పలుకవలెను."

చప్పుడు లేదు. నా పక్కన మా ఆయన తెరకు చెవి ఆనించాడు. ఇందుజ నా కొంగు పట్టుకుంది.

"మంచు..." అంది అత్త.

నా ప్రాణం పోయింది. తెర చింపేసి లోపలికి దూకుదామనుకున్నాను. మా ఆయన భుజం పట్టుకుని ఆపాడు.

"స్పితియా? ఇది తమ మాటయేనా, లేక ఇతరుల కొరకు చెప్పుచున్నారా?" అన్నాడు గోడాయన. వాడు అందరినీ అలా అడుగుతాడో, మా మూడు వారాల గోల విని నేర్చుకున్నాడో నాకు తెలియదు.

తెర వెనక ఆమె గాజులు గలగలమన్నాయి.

"కాదు నాయనా. అది పిల్ల మాట. నాది నాగపూరు."

"గట్టిగా పలుకవలెను."

"నాగపూరు!"

తర్వాత గోడాయన తగువు పెట్టాడు. నాగపూరు మజిలీ మాత్రమేనట, అక్కడికి ఎవరూ విడుపుకు పోరట, విశేషములు లేవట. నేను చీర నడుముకు దోపి ఎదురు నిలబడ్డాను.

"నువ్వే అన్నావు గదా, నాలుగు నోళ్లు ఒకే ఊరు చెబితే పంపుతానని? గాలిఓడ ఆగే ఊరేనా?"

"ఆగును."

"అందరూ ఒకటే చెప్పినారా?"

"చెప్పిరి."

"మరి ఇంకేం? ఆ ఊరు అందంగా ఉండాలని నీ నిబంధనలో ఉందా?"

గోడాయన చాలాసేపు ఆలోచించాడు. "లేదు," అన్నాడు.

రికార్డు ఏడు. నాగపూరు నుంచి.

ఇక్కడి గోడాయనకు మన మాట సగమే అర్థమవుతోంది, కాబట్టి తప్పులుంటే వాడివే.

గాలిఓడలో అత్త కిటికీ వదల్లేదు. ఆకాశం గురించి ఏమేమో అంటుందనుకున్నాను నేను. "కప్పు లేదే!" అంది, అంతే. నా చెయ్యి మాత్రం దిగేదాకా వదల్లేదు.

ఈ హాలు ఎంత ఉందంటే, మా కిందూరు మొత్తం తెచ్చి ఒక మూల పెట్టొచ్చు. దేశంలో ఉన్న జనమంతా ఇక్కడే ఉన్నట్టుంది. లడఖ్ వాళ్లు ఉన్ని టోపీలతో, కేరళ వాళ్లు తడి గొడుగులతో, రాజస్థాన్ వాళ్లు ఇంతేసి తలపాగాలతో. మాజులి నుంచి వచ్చిన పడవవాళ్లను పట్టుకుని మా ఆయన, ఆయనకు రాని భాషలో, నది అవతలి గట్టు గురించి గంటసేపు అడిగాడు. స్పితి నుంచి ఆపిల్ పెట్టెలు దించుతుంటే అడుగున ఇంకా కరగని మంచు ఉంది. ఇందుజ పిడికెడు తీసుకుని కరిగేదాకా పట్టుకుంది. నాకు వాన దొరకలేదు. కేరళ ఆవిడ గొడుగు దులిపినప్పుడు నాలుగు చుక్కలు ముఖం మీద పడ్డాయి. అవి ఆకాశంలోంచి పడినవే కదా అని తుడుచుకోలేదు.

అత్త చెప్పులు చేతిలో పట్టుకుని, తల వంచుకుని, నేల చూసుకుంటూ హాలంతా తిరిగింది. జనం ఆమెను దాటుకుని పోతున్నారు. ఒకచోట ఆగి మోకాళ్ల మీద కూర్చుంది. సీసాలోంచి కొంచెం నీళ్లు బండ మీద పోసి, అరచేత్తో రుద్ది, వంగి చూసింది.

నేను పక్కన కూర్చున్నాను. బండ గరుకెక్కిపోయింది. ఎవరి ముఖమూ కనపడలేదు. అయ్యో, ఇంత దూరం వచ్చి ఇదా అనుకుని, ఆమెను ఎలా ఓదార్చాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

"నా ముఖం అరిగిపోయింది సుంకులూ," అంది. చూస్తే నవ్వుతోంది! కళ్లలో నీళ్లు, నోటినిండా నవ్వు. "ఎంతమంది నడిస్తే ఇట్లయితాది? సూడు, ఎంతమంది నడిచినారో సూడు!"

అక్కడే కూర్చున్నాం, నలుగురం, ఆ బండల మీదే. చాలాసేపు అడుగులు చూశాం. ఒక లడఖ్ పిల్ల వచ్చి అత్త ఒళ్లో కూర్చుని ఆపిల్ తిని వెళ్లిపోయింది. ఎవరో టీ ఒలకబోస్తే, అత్త కొంగుతో గబగబా తుడిచేసి, "తుడిచేదానికి ఎవురూ లేరా ఈడ?" అని హాలు మొత్తాన్ని కోప్పడింది.

సాయంత్రం టీ అమ్మే మనిషి వచ్చాడు. మా నలుగురినీ చూసి, ఎలాంటి టీ కావాలో సైగలతో అడిగాడు. అత్త తరపున ఏదైనా సరే అని చెప్పబోయాను. ఆ మాట ఆమె బదులు నేనే చెప్పేయడం నాకు అలవాటు.

"అల్లం టీ," అంది అత్త. నా చెయ్యి పక్కకు నెట్టి, పిడికిలితో అల్లం దంచినట్టు చూపించింది. "అల్లం బాగా ఎయ్యి నాయనా. చక్కెర తక్కువ. గ్లాసు నిండా పొయ్యి, సగం పొయ్యబాక."

ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో టీ కాస్తున్నది నేనే. ఆమెకు అల్లం ఇష్టమని ఈరోజే తెలిసింది.